పెళ్ళి క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాను: మూడేళ్ళు వాడాక ఏది పనికొచ్చింది, ఏది దండగ

అమ్మానాన్నల పెళ్ళి 1991లో కాకినాడలో జరిగింది. ఆ క్యాసెట్‌తో మొదలుపెట్టి ఈ మూడేళ్ళలో మావి, పిన్నివాళ్ళవి, పెదనాన్నవాళ్ళవి కలిపి అరవై దాకా వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఎక్కించాను. అందులో మొదటి ఇరవై మళ్ళీ చేయాల్సొచ్చింది. ఎందుకో చెబితే మీకు ఆ ఇరవై మిగులుతాయి.

నేను మొదట కొన్నది ఆన్‌లైన్‌లో ఏడు వందలకు దొరికిన యూఎస్‌బీ డాంగిల్, అంటే వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పరికరం. వీసీఆర్ నుంచి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు దానికి గుచ్చి, దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ నొక్కాను. బొమ్మ వచ్చింది. కానీ మండపానికి కట్టిన అరటి బోదెలు పైకి వెళ్ళేసరికి కొడవలిలా పక్కకు వంగిపోయాయి. టేపు కాస్త నలిగిన చోటల్లా బొమ్మ ఆగి ఆగి గెంతింది. గంట గడిచేసరికి డోలు మీద దెబ్బ పడ్డాక కాసేపటికి గానీ గట్టిమేళం వినిపించలేదు. ఆ డాంగిల్ మధ్యలో ఫ్రేములు వదిలేస్తోంది, సౌండ్ మాత్రం దాని దారిన అది పోతోంది.

ముప్పై ఏళ్ళ టేపు కదా, దాని పని అయిపోయిందనుకున్నా. తీరా అదే క్యాసెట్, అదే వీసీఆర్ తీసుకెళ్ళి పెదనాన్న ఇంట్లో ఉన్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి తగిలిస్తే అరటి బోదెలు నిటారుగా నిలబడ్డాయి! అంటే రోగం టేపులో ఒక్కదానిలోనే లేదు.

సంగతి ఏమిటంటే, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో ఒక్కో ఫ్రేముకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. టేపు సాగి, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లున్న డ్రమ్ము తిరిగే వేగం కాస్త అటూ ఇటూ అయితే ఏ గీతా సరిగ్గా టైముకు రాదు. పాత టీవీ ఆ తేడాతో సర్దుకుపోతుంది. డాంగిల్ సర్దుకోదు. ఈ గీతల టైము సరిచేసే పరికరాన్ని టైమ్ బేస్ కరెక్టర్ అంటారు. కొన్ని ఖరీదైన ఎస్-వీహెచ్‌ఎస్ (వీహెచ్‌ఎస్‌లోనే మెరుగైన రకం) వీసీఆర్లలో అది లోపలే ఉంటుంది. విడిగా కొనాలంటే మనలాంటివాళ్ళకు అందే ధర కాదు.

దీనికో చవక దారి ఉంది. కొన్ని పాత డీవీడీ రికార్డర్లు లోపలికి వచ్చిన బొమ్మను ఒకసారి మెమరీలో పట్టుకుని, టైము సరిచేసి బయటికి పంపుతాయి. అన్నీ ఈ పని చేయవు. ఈ పనికి బాగా పేరున్నవి పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15. నాకు కోఠి గుజరాతీ గల్లీలో ఒక రికార్డర్ దొరికింది. లెన్స్ పోయింది, డిస్కు చదవదు, అందుకని దాదాపు తుక్కు ధరకే ఇచ్చేశాడు. మనకు లెన్స్‌తో పనేముంది? వీసీఆర్ వైరు దాని వెనక ఏవీ ఇన్‌లో పెట్టి, ఔట్ నుంచి కాప్చర్ పరికరానికి (అదే, డాంగిల్‌కు) ఇస్తే చాలు. అరటి బోదెలు ఇక్కడా నిలబడ్డాయి. గంటన్నర క్యాసెట్ మొత్తానికి వదిలేసిన ఫ్రేములు రెండో మూడో.

రెండు జాగ్రత్తలు. దాని సెట్టింగుల్లో ఇన్‌పుట్ నాయిస్ (బొమ్మ మీద చుక్కలు) తగ్గించేది ఏదైనా ఉంటే ఆపేయండి. లేకపోతే కదిలే చేతుల వెనక నీడలు ఈడ్చుకుంటూ వస్తాయి. ఔట్‌కు పసుపు వైరు కాకుండా, వెలుగునూ రంగునూ విడివిడి తీగల్లో పంపే ఎస్-వీడియో వైరు వాడండి. పసుపు వైరులో వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి వెళ్తాయి కాబట్టి ఎర్రటి అంచుల మీద చీమలు పాకినట్టు చుక్కలు కదులుతాయి.

ఏడు వందల డాంగిల్‌ను కూడా తీసేసి కాస్త ఖరీదైనది కొన్నాను. రికార్డ్ చేయడానికి వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్, బొమ్మ నాణ్యత తగ్గకుండా ఫైలును కుదించే హఫ్‌వైయూవీ కోడెక్, బొమ్మ సైజు 720×576 పిక్సెళ్ళు. గంటకు 30 జీబీ పైనే తింటుంది. ఖాళీ హార్డ్‌డిస్కు లేకుండా దిగకండి.

వెలుగు సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. అప్పట్లో పెళ్ళిళ్ళలో మొహం మీదే లైటు కొట్టేవాళ్ళు కదా. నా మొదటి ఇరవైలో అమ్మ కట్టుకున్న తెల్లటి మధుపర్కాలు మడతే లేని అట్టముక్కలా కనిపించాయి. తర్వాత ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా మడతలు రాలేదు, ఎందుకంటే అవి ఫైల్లోకే ఎక్కలేదు. వర్చువల్‌డబ్‌లో హిస్టోగ్రామ్ (బొమ్మలో వెలుగు ఎంతుందో చూపే పటం) పెట్టుకుని, కాంట్రాస్ట్ తగ్గించి మళ్ళీ ఎక్కిస్తే మడతలు, పమిట కింద చేతి గాజుల నీడ కూడా కనిపించాయి. ఇప్పుడు ప్రతి క్యాసెట్‌లోనూ బాగా వెలుగున్న చోటు వెతికి, అక్కడ సరిచూసుకున్నాకే రికార్డ్ నొక్కుతాను.

మా వైపు ఉప్పుగాలికి, చెమ్మకు క్యాసెట్లకు బూజు పడుతుంది. క్యాసెట్ మీదుండే చిన్న కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడిలా ఉంటుంది. అలాంటిది ఒకటి చూసుకోకుండా వేశాను. అయిదు నిమిషాల్లో తెరంతా మంచు. ఆ బూజు హెడ్లకు పట్టింది, తర్వాత వేసిన మంచి క్యాసెట్ కూడా అలాగే వచ్చింది. మెకానిక్ చూపించిన పద్ధతి ఇది: ప్లగ్గు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి తోలుముక్కను డ్రమ్ముకు కదలకుండా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు అసలు వద్దు, పోగు చిక్కుకుంటే అంతే సంగతులు. బూజు లేని క్యాసెట్‌నైనా ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి అప్పుడు ప్లే చేయండి. ఏళ్ళ తరబడి బిగుసుకున్న టేపు కాస్త సర్దుకుంటుంది.

ఎక్కించిన ఫైలు కంప్యూటర్‌లో చూస్తే తలంబ్రాలు పోసే చేతులకు దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. అది లోపం కాదు, ఇంటర్‌లేస్డ్ బొమ్మ, అంటే ఒక్కో ఫ్రేమును గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి పంపే బొమ్మ, అలాగే ఉంటుంది. క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్‌తో సెకనుకు 50 ఫ్రేములుగా మార్చుకోండి. నా లాప్‌టాప్‌లో రాత్రి పెడితే పొద్దునకి అవుతుంది. 25కే మారిస్తే కదలికలో సగం పోతుంది. తెర అడుగున వణికే నాలుగైదు గీతలు హెడ్లు మారే చోటువి, వాటిని నల్లగా కప్పేస్తే సరి.

ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టెలు దండగ. బొమ్మను అడ్డంగా సాగదీసి, 25 ఫ్రేములను ఇష్టమొచ్చినట్టు మార్చేస్తాయి. ఏఐతో బొమ్మ పెంచే సాఫ్ట్‌వేర్ కూడా చూశాను. అమ్మమ్మ మొహం మైనపు బొమ్మలా నున్నగా వచ్చింది. మా అమ్మ చూసి "ఈవిడెవరు?" అంది. ఆ ఫైలు తీసేశాను.

వేటితోనూ బాగుపడనిది ఒకటుంది, కాపీకి కాపీ. అప్పట్లో స్టూడియోవాళ్ళు పాటలు కలిపి మిక్సింగ్ చేసి ఒక వీసీఆర్ నుంచి ఇంకో వీసీఆర్‌కు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. దాన్నుంచి చుట్టాలు మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళు. ఒక్కో కాపీకి రంగు కొన్ని గీతలు కిందికి జారుతుంది, నుదుటి బొట్టు ఎరుపు ముక్కు మీదికి దిగుతుంది. మా ఇంట్లో ఉన్నది అలాంటిదే, అసలుది ఎవరో తీసుకెళ్ళి ఇవ్వలేదట. పెదనాన్న దగ్గర దొరికిన కాపీలో బొట్టు బొట్టు దగ్గరే ఉంది. కాబట్టి పరికరాలు కొనే ముందు చుట్టాలందరికీ ఫోన్లు చేయండి. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్లయితే అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు. వాటికి రెండు పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి, కాప్చర్ కూడా 720×480కి మార్చాలి.

పిన్ని దగ్గర ట్రంకుపెట్టెలో స్టూడియో లేబుల్ ఉన్న క్యాసెట్ ఒకటి ఉందట. బూజు ఉందో లేదో కిటికీలోంచి ఫోటో తీసి పంపమన్నాను.