శామీర్‌పేట రోడ్డు మీద గార్డెన్ బార్: తిండికి మూడు, పార్కింగ్‌కి ఐదు

ముందే చెప్తున్నా, ఈ బార్ పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే ఆదివారం వేపచెట్ల కింద మా బండ్లకి చోటు దొరకదు. సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు పోతుంటే ఎడమ చేతి వైపు వస్తుంది, గడ్డి చెప్పులకి అంటుకునే పాతకాలం గార్డెన్ బార్. ఆ దారిలో తిరిగేవాళ్లకి ఈపాటికి వెలిగే ఉంటుంది, వెలిగినవాళ్లు కూడా కాస్త నోరు కట్టేసుకోండి ప్లీజ్.

మేం నలుగురం, పాత కార్ల పిచ్చోళ్లం. నాది 1989 పద్మిని, హ్యాండ్ గేరుది. మాస్టారిది 1978 అంబాసిడర్ మార్క్ 3 (బడి మాస్టారు కాదు, రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు). డాక్టరుగారిది కాంటెస్సా క్లాసిక్, ఇసుజు ఇంజన్. నాలుగోవాడు సాఫ్ట్‌వేర్ తమ్ముడు, వాళ్ల తాత కొన్న 85 మోడల్ మారుతి 800తో వస్తాడు. మొదట్లో మాస్టారు మారుతిని పాత కారు కింద లెక్కేసేవాళ్లే కాదు, నిన్నగాక మొన్న వచ్చిన బండి దీన్ని కూడా లైన్లో పెడతామా అనేవాళ్లు. 83 డిసెంబర్లో వచ్చింది సార్ నలభై ఏళ్లు దాటింది అని తమ్ముడు లెక్క చెప్తే, ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి బయల్దేరతాం, చెరువు దాకా పోయి టీ తాగి ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి బార్ తెరిచే టైముకి గేటు దగ్గరుంటాం. ఇంత దూరం ఎందుకు, సిటీలో బార్లు లేవా అని ఇంట్లో కూడా అడుగుతారు. సిటీలో ఒక పెద్ద చోటికి ఒకసారి పోయాం, వ్యాలే కుర్రాడు నా తాళం తీసుకుని లోపల కూర్చున్నాడు, రెండు నిమిషాలైనా బండి కదల్లేదు. చూస్తే కింద గేర్ రాడ్ కోసం వెతుకుతున్నాడు, రెండు సీట్ల మధ్య చెయ్యి పెట్టి తడుముతున్నాడు పాపం. చివరికి అద్దం దించి "సార్, ఇది ఆటోమేటికా?" అన్నాడు. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన వాడి మొహం ముందే ఉంది. ఆ కుర్రాడి తప్పేం లేదు, వాడు పుట్టేసరికే ఈ కారు తయారీ ఆగిపోయి ఉంటుంది. కానీ ఆరోజు నుంచి తాళం ఇంకొకడి చేతికి ఇచ్చే చోటికి మేం పోవట్లేదు.

ఇక్కడ అలా కాదు. వాచ్‌మన్ చేతులు ఊపి దారి చూపిస్తాడంతే, బండి మీద చెయ్యి వెయ్యడు. గోడవారగా మూడు వేపచెట్లు, నాలుగు కార్లు వరసగా పడతాయి. ఒకే ఒక్క బాధ గేటు దగ్గర సిమెంట్ హంప్, ఎవరు కట్టారో గానీ పగబట్టి కట్టినట్టుంది. పదిహేనడుగుల కాంటెస్సా దాన్ని నేరుగా ఎక్కితే సైలెన్సర్ గీసుకుంటుంది, అందుకని డాక్టరుగారు ముందు ఎడమ చక్రం ఎక్కించి, మెల్లగా కుడి చక్రం ఎక్కించి, ఆపరేషన్ చేసినంత జాగ్రత్తగా లోపలికి తెస్తారు, అప్పటిదాకా వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతూనే ఉంటారు. ఈ హంప్‌కి ఒక స్టార్ కోసేద్దామనుకున్నా గానీ ఐస్ సంగతి గుర్తొచ్చి ఆగిపోయా.

ఐస్ సంగతి ఏంటంటే, మొన్న మే నెలలో ఒక ఆదివారం మేం వచ్చేసరికి గేట్లో బీరు కేసులు దించుతూ డీసీఎం అడ్డంగా ఉంది. సరే అని ఇంజన్ ఆపి ఎండలోనే వెయిట్ చేశా, పది పదిహేను నిమిషాలు పట్టింది, డీసీఎం పోయాక సెల్ఫ్ కొడితే గరగరమంటుంది గానీ స్టార్ట్ కావట్లేదు. పాత పెట్రోల్ బండి ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఏసీ పంపు ఇంజన్‌ని అంటుకునే ఉంటుంది, బండి ఆపగానే ఆ వేడికి లోపలి పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని లాగలేదు, కార్బొరేటర్‌కి చుక్క కూడా పోదు. నేను బానెట్ ఎత్తి "ఏసీ పంపు కాలిపోతోంది" అంటే, తమ్ముడు "అన్నా నీ బండికి ఏసీ ఉందా, ఇన్నాళ్లూ చెప్పలేదే" అన్నాడు. ఒరేయ్ పెట్రోలు లాగే పంపునే మెకానిక్‌లు ఏసీ పంపు అంటారు, కంపెనీ పేరు అలా ఉండిపోయింది, చల్లగాలికీ దానికీ సంబంధం లేదు అని ఆ ఎండలో నిలబడి క్లాసు పీకాల్సి వచ్చింది.

ఇంతలో లోపల్నుంచి సర్వర్ కుర్రాడు ఒకడు, మేం అడగకుండానే, ఒక చేత్తో ఐస్ బకెట్టు ఇంకో చేత్తో టేబుళ్లు తుడిచే టవలు పట్టుకుని వచ్చాడు. టవల్లో ఐస్ మూటకట్టి పంపు మీద పెట్టి, చెయ్యి కాలుతున్నా అలాగే పట్టుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే "మా నాయిన అంబాసిడర్ టాక్సీ నడిపేటోడు సార్, ఎండకాలం బండ్లె తడిగుడ్డ లేకుండ ఎక్కకపోతుండె" అన్నాడు. పది నిమిషాలకి బండి స్టార్టయింది. ఆరోజు మా టేబుల్‌కి ఐస్ మాత్రం లేటుగానే వచ్చింది, ఎవరం ఏం అనలేదు. ఆ తర్వాత నేను ఆ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), పెట్రోల్ పైపులు అన్నీ మార్పించా, ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు ఉబ్బి పగిలిపోతోంది, మీ బండిలో ఇంకా మార్చకపోతే ముందు ఆ పని చూసుకోండి.

సరే మందు దగ్గరికి వద్దాం. బీరు మధ్యాహ్నం రెండు దాకా అద్భుతం, బాటిల్ పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కేంత చల్లగా ఉంటుంది, ఆ తర్వాత ఫ్రిజ్ ఖాళీ అయ్యి కొత్త కేసులు పెడతారు, అక్కడ్నుంచి మీ అదృష్టం. విస్కీలో లైట్ రకాలు మామూలే, సింగిల్ మాల్ట్ అంటే బెంగళూరులో తయారయ్యే అమృత్ ఒక్కటే, అదీ డాక్టరుగారు అడగ్గా అడగ్గా తెప్పించారు. ఆయన ఒక పెగ్గు పడగానే స్టార్ట్ చేస్తారు, స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతే బెంగళూరు ఎండకి పది శాతం పైనే పోతుందట, అందుకే మన దగ్గర విస్కీ తొందరగా ముదురుతుందట. మాస్టారు నాకౌట్ బీరు గ్లాసులోకి వంపుకుంటూ, "మా వాడి పద్మిని పంపులో నూటికి నూరు శాతం పోతుంది డాక్టరుగారూ, దాన్నీ అమ్ముదామా" అన్నారు. ఆ దెబ్బకి అమృత్ లెక్చర్ నెల రోజులు బంద్.

మా మాటలన్నీ ఇంతే. పాయింట్ల గ్యాప్ ఎంత పెట్టావు, ఫలానా బుష్ రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికిందా, ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 5 వేల నుంచి 10 వేలు చేశారు ఇది న్యాయమా. 50 ఏళ్లు దాటాక వింటేజ్ కింద వీఏ నంబరు తీసుకోవచ్చు కదా సార్ అని మాస్టారిని అడిగితే, "తీసుకుంటే ర్యాలీలకీ ఎగ్జిబిషన్లకీ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదంట, మరి ఇక్కడికెట్లా రావాలి, బార్‌ని ఎగ్జిబిషన్ అని రాయించాలా" అంటారు.

తిండి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పల్లీ మసాలా బాగుంటుంది, నిమ్మకాయ చివర్లో పిండుతారు కాబట్టి మెత్తబడదు. బోటీ ఫ్రై ఆదివారాలే, పన్నెండున్నరలోపు చెప్పకపోతే అయిపోతుంది. చికెన్ 65లో రంగు ఎక్కువ, వేళ్లకి అంటితే సాయంత్రం దాకా పోదు, ఆ చేత్తో స్టీరింగ్ ముట్టుకోవద్దు. బిర్యానీ వద్దు. బాత్రూమ్ గురించి అడగొద్దు. బిల్లు మాత్రం లైను లైను చూసుకోండి, మాకు రెండుసార్లు తాగని సోడాలు పడ్డాయి, చెప్తే నవ్వుతూనే కొట్టేశారు.

నేను ఐదు స్టార్లు ఇచ్చేది ఆ తర్వాతి సంగతికి. తాగి బండి తియ్యకూడదు అన్నది మాకు మొదట్నుంచీ రూలు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేల దాకా ఫైన్, జైలు కూడా పడొచ్చు. అవన్నీ పక్కన పెట్టండి, ఈ బండ్లకి తాగనప్పుడే బ్రేకులు అంతంతమాత్రం. అందుకని ఒకరోజు ఓనర్ దగ్గరికెళ్లి రాత్రికి బండ్లు ఇక్కడే ఉంచి సోమవారం పొద్దున తీసుకుపోతాం అన్నా అని అడిగాం. డబ్బులు అడుగుతాడనుకున్నాం. అడగలేదు, మమ్మల్ని చెట్ల కిందకి తీసుకెళ్లి నేల చూపించాడు. నాలుగు చోట్ల నాలుగు నల్ల ఆయిల్ మరకలు, అంబాసిడర్ కింద అయితే తట్టంత ఉంది. "బండ్లు ఉంచుకోండి సార్, కింద ఏదన్న పెట్టుండ్రి, నేను కడగలేక సస్తున్న" అన్నాడు.

ఇప్పుడు నాలుగు డిక్కీల్లోనూ నాలుగు పాత ఇడ్లీ ట్రేలు ఉన్నాయి. క్యాబ్ బుక్ చేసుకునే ముందు ట్రేలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ మీద నమ్మకం లేక చక్రాల వెనక రాళ్లు పెట్టి, మాస్టారు బ్యాటరీ వైరు పీకి జేబులో వేసుకుంటారు, ఎందుకు సార్ అంటే అలవాటు అంటారు. సోమవారం పొద్దున ఆరింటికి తాళాలతో వస్తే వాచ్‌మన్ అప్పటికే అద్దాల మీద వేప పూత ఊడ్చి పెట్టి ఉంటాడు, వాడికి యాభయ్యో వందో ఇవ్వకుండా రాకండి.

మీరూ పాత బండితో వెళ్తానంటే వెళ్లండి, ట్రే మర్చిపోవద్దు, బోటీ ముందే చెప్పండి. ఆదివారాలు గేటు నుంచి రెండో వేపచెట్టు కింద మాత్రం పెట్టకండి, అది మాస్టారిది.