దొంగ మెయిళ్ళ ట్రైనింగ్‌కి పద్నాలుగు వేలు: మా కారం యూనిట్‌లో ఏం జరిగింది

దొంగ మెయిళ్ళని ఎలా పట్టాలో నేర్పే ఈ ట్రైనింగ్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద రాశాను, కాస్త కోపంగానే.

మాది వరంగల్ పక్కన మడికొండ దగ్గర కారం పట్టే యూనిట్. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొని, తొడిమలు తీయించి, పొడి పట్టి, ప్యాకెట్లు చేసి అమ్ముతాం. మార్కెట్టు, మిల్లు మా ఆయన చూసుకుంటారు. ఆఫీసు, డబ్బు నావి. మొత్తం ముప్పై ఒక్క మంది పనిచేస్తారు. కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ చూసేది నాతో కలిపి తొమ్మిది మందిమి.

ట్రైనింగ్ దాకా ఎందుకు పోయామో ముందు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి ముందు రోజు సాయంత్రం, ప్యాకింగ్ రోల్స్ ఇచ్చే హైదరాబాద్ సప్లయర్‌కి 3,84,000 రూపాయలు పంపాం. "పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఇందులో వేయండి" అని మెయిల్ వస్తే ఆ కొత్త అకౌంట్‌కే వేశాం. అనుమానం ఎందుకొస్తుంది? ఆ మెయిల్ కింద మేం రెండు నెలలుగా రాసుకున్న ముచ్చటంతా ఉంది. ఫిల్మ్ ఎన్ని మైక్రాన్లు, కొత్త డిజైన్‌కి ప్రింటింగ్ సిలిండర్ చార్జీ ఎంత, ఇన్‌వాయిస్ నంబరెంత, అన్నీ కరెక్టు. మా పెద్ద గుమస్తా ఇరవై రెండేళ్ళుగా మా దగ్గరే ఉన్నాడు, చాలా జాగ్రత్త మనిషి. ముందు ఒక్క రూపాయి పంపి చూశాడు కూడా. "రూపాయి అందింది, మిగతాది వేయండి" అని రిప్లై వచ్చింది. దొంగ చేతికి రూపాయి ముడితే అందలేదంటాడా!

శివరాత్రి బ్యాంకు సెలవు. మెట్టుగుట్ట జాతరకి పోయే జనంతో మా రోడ్డంతా నిండిపోయింది, ఆఫీసు తీయనే లేదు. గురువారం పొద్దున సప్లయర్ ఫోన్ చేశాడు. "అక్కా, పేమెంట్ ఎప్పుడేస్తున్నరు?" అన్నాడు. "మొన్ననే ఏసినం కదన్నా" అన్నాను. తర్వాత కాసేపు రెండు వైపులా మాట లేదు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. అప్పటికే డబ్బు పోయి ఒకటిన్నర రోజు దాటింది. ఒక ఖాతాలో 92,000 ఇంకా కదలకుండా ఉంటే హోల్డ్ చేశారు. లోక్ అదాలత్‌లో ఆర్డరు అయ్యాక అది మా చేతికొచ్చింది. మిగతాది పోయినట్టే. 2020 డిసెంబరు నుంచి పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తోంది కదా, శివరాత్రి సెలవు మనకే తప్ప డబ్బుకి లేదు. గంటలోపు చెప్పి ఉంటే ఎక్కువ ఆగేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత తేలిందేమంటే, సప్లయర్ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ ఎవరికో దొరికింది. వాడు లోపలికొచ్చి, ఇన్‌వాయిస్ అనే మాట ఉన్న ప్రతి మెయిలూ తనకి ఫార్వర్డ్ అయ్యేలా సెట్టింగ్ పెట్టి, నెలల తరబడి కూర్చుని చదువుకున్నాడు. డబ్బు అడిగిన మెయిల్ మాత్రం వేరే అడ్రస్ నుంచి పంపాడు. సప్లయర్ పేరులో ఇంగ్లీషు చిన్న ఎమ్ (m) ఉన్నచోట ఆర్, ఎన్ (rn) పక్కపక్కన పెట్టాడు. స్క్రీన్ మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

మా గుమస్తా వారం రోజులు సరిగా అన్నం తినలేదు. జీతంలో పట్టుకోమన్నాడు. తప్పు ఆయనది కాదని తెలుసు గానీ, మరి ఎవరిదో చెప్పడం నాకూ చేతకాలేదు.

ఈ సర్వీసు సంగతి మా ఆడిటర్ చెప్పారు. హన్మకొండలో ఇద్దరు కలిసి నడుపుతున్నారు. ఒకాయన బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి, రెండో అతను కంప్యూటర్ చదివిన కుర్రాడు. పేరింకా రిజిస్టర్ కాలేదట, రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. పద్నాలుగు వేలకి ఒక పూట క్లాసు, మూడు నెలలపాటు చెప్పకుండా వచ్చే ఉత్తుత్తి దొంగ మెయిళ్ళు, మా మెయిల్ సెట్టింగులు సరిచేయడం. మా ఆయన "పోయింది చాలదా, ఇంకా పద్నాలుగు వేలా" అన్నారు. నేను వినలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం గోడౌన్ పక్క షెడ్డులో క్లాసు పెట్టుకున్నాం. ఘాటుకి ఆ కుర్రాడు మొదటి పది నిమిషాలూ తుమ్ముతూనే ఉన్నాడు పాపం. నిజం చెప్పాలంటే మొదటి గంట దండగ. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. ఎక్కడిదో విదేశీ లాటరీ, ఎవరో రాజకుమారుడి ఆస్తి. మా వాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు తీశారు. నేను గడియారం చూసుకుంటూ, మా ఆయనకి ఏం సమాధానం చెప్పాలా అని ఆలోచిస్తున్నా.

అప్పుడు పెద్దాయన లేచి ల్యాప్‌టాప్ మూసేశాడు. వెనకాల నిలబడ్డ హమాలీ మేస్త్రిని పిలిచి, "మార్కెట్ల బస్తా ఎట్ల సూస్తరు?" అని అడిగాడు.

"మూతి కాడ మంచి కాయ పెడ్తరు సార్. అడుగుల చెయ్యి పెట్టి తీస్తం. ఊపితే గింజ గలగలమనాలె. మెత్తగుంటే తడి ఉన్నట్టే."

"మెయిల్‌ల పైన కనబడే పేరు గా మూతి. దాన్ని నొక్కితే అడ్రస్ కనబడ్తది, అది అడుగు" అని పెద్దాయన గోడకి కాగితాలు అంటించాడు. ఒక్కో కాగితం మీద పెద్ద అక్షరాల్లో రెండేసి అడ్రస్‌లు, ఒకటి అసలు, ఒకటి దొంగ. మేమంతా కళ్ళు చికిలించి చూస్తుంటే ఆర్, ఎన్ కలిపిన కాగితాన్ని ముందు పట్టింది మేస్త్రే. ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, మాటలు రావు. మేం చూడగానే మాటగా చదివేశాం. ఆయన ఒక్కో గీతా చూసుకుంటూ పోయాడు. పెద్ద గుమస్తా ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరం ఏమీ అనలేదు.

అక్కడి నుంచి క్లాసు బాగా నడిచింది. పెద్దాయన బ్యాంకు మనిషి కాబట్టి డబ్బు ఎలా కదులుతుందో చెప్పడంలో దిట్ట. మనం పేరు ఏం రాసినా డబ్బు అకౌంట్ నంబరు చూసుకునే పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. సప్లయర్ పేరు రాశాం కాబట్టి వేరేవాళ్ళకి పోతే వెనక్కి వస్తుందనుకునేదాన్ని. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చేసేముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే సౌకర్యం బ్యాంకులు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పిందట. మా నెట్ బ్యాంకింగ్‌లో ఉంది, ఎవరూ నొక్కలేదంతే. మాకు నెల ఆలస్యంగా వచ్చిన సౌకర్యం! దాన్నే నమ్ముకోవద్దని కూడా ఆయనే అన్నాడు. దొంగ అదే పేరుతో ఖాతా తెరిస్తే అది పట్టదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 కల్లా తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మార్చాలన్న సంగతి కూడా అక్కడే విన్నాను. జీఎస్టీ నోటీసు అని మెయిల్ వస్తే లింకు నొక్కకుండా మనమే పోర్టల్ తెరిచి చూసుకోవాలి. సెంట్రల్ జీఎస్టీ ఆఫీసు కాగితమైతే 2019 నవంబరు నుంచి దాని మీద డిన్ అనే గుర్తింపు నంబరు, పోర్టల్ నుంచి వచ్చినదైతే ఆర్‌ఎఫ్‌ఎన్ అనే నంబరు ఉండాలి, అది నిజమో కాదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇది మా ఆడిటర్ కూడా ఎప్పుడూ చెప్పలేదు.

గూగుల్, ఫేస్‌బుక్ సంగతి కూడా చెప్పాడు. లిథువేనియా దేశంవాడొకడు వాళ్ళకి సామాను ఇచ్చే తైవాన్ కంపెనీ పేరుతోనే ఇంకో కంపెనీ పెట్టి, దొంగ ఇన్‌వాయిస్‌లు పంపి, 2013 నుంచి 2015 మధ్య రెండింటి దగ్గరా కలిపి పది కోట్ల డాలర్లకి పైగా లాగాడు. 2019లో ఐదేళ్ళ జైలు పడింది. అది విన్నాక మా గుమస్తా ముఖంలో కాస్త కళ వచ్చింది. "గంత పెద్దోళ్ళే పడ్డరా సార్?" అని రెండుసార్లు అడిగాడు. నాకైతే పద్నాలుగు వేలలో సగం అక్కడే వసూలైంది.

కుర్రాడి పని కూడా మంచిదే. అందరి మెయిల్‌కి రెండో తాళం పెట్టించాడు, పాస్‌వర్డ్ దొరికినా ఫోన్ లేకుండా లోపలికి రాలేరు. మా మెయిళ్ళు బయటికి ఫార్వర్డ్ అయ్యే సెట్టింగ్ ఏమైనా ఉందా అని ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. మా పేరుతో బయటివాళ్ళు మెయిల్ పంపకుండా డీమార్క్ అనేది పెట్టాడు. అది ఉంటే ఫిబ్రవరిలో బతికేవాళ్ళమా అని అడిగితే, "లేదు మేడం, వాడు వాడింది వేరే అడ్రస్, దాన్ని ఇది ఆపదు" అని ఉన్నమాట చెప్పాడు. అమ్ముకునేవాడు అలా చెప్పడం నచ్చింది.

ఇక ఉత్తుత్తి మెయిళ్ళు. మొదటిది క్లాసయిన పన్నెండో రోజు వచ్చింది. తొమ్మిది మందిలో ఐదుగురం నొక్కాం. అవును, నేను కూడా. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కారులో ఫోన్ చూస్తుంటే "జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు, 24 గంటల్లో జవాబు ఇవ్వండి" అని వచ్చింది. క్లాసులో విన్నదంతా అక్కడే మర్చిపోయా. ఫోన్లో పేరు మీద నొక్కితే గానీ అడ్రస్ కనబడదు, పైకి పేరే కనబడుతుంది. నొక్కాక స్క్రీన్ మీద "ఇది పరీక్ష మెయిల్" అని వస్తే పక్కన మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇప్పుడు నా కోపం. నొక్కినవాళ్ళ పేర్ల లిస్టు తీసి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు! నా పేరుంటే నేను భరిస్తా, ఓనర్‌ని. కొత్తగా చేరిన బిల్లింగ్ అమ్మాయి ఏం చేస్తుంది? మరుసటి రోజు నుంచి ఎవరూ ఏ మెయిల్ గురించీ అడగడం మానేశారు. నొక్కితే పరువు పోతుందనుకున్నవాళ్ళు నిజంగా నొక్కిన రోజు కూడా దాచిపెడతారు, గంటలోపు 1930కి చెప్పాల్సింది మూడో రోజు చెబుతారు. అంతకన్నా ఘోరం, సెప్టెంబరులో "బతుకమ్మ బోనస్ వివరాలు" అని నా పేరు మీద పరీక్ష మెయిల్ పంపారు. నలుగురు సంబరంగా నొక్కారు. ఆ పండగ వారంలో వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను. చివరికి నిజంగానే బోనస్ ఇవ్వాల్సొచ్చింది, అది ఈ పద్నాలుగు వేల లెక్కలో లేదు. 2020 డిసెంబరులో వెబ్‌సైట్ పేర్లు అమ్మే గోడాడీ కంపెనీ కూడా తన ఉద్యోగులకి 650 డాలర్ల బోనస్ అని ఇలాంటి పరీక్షే పెట్టి, తిట్లు తిని, క్షమాపణ చెప్పింది. నేర్పేవాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండాలి కదా.

ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. పెద్దాయన స్వయంగా వచ్చి అందరి ముందూ తప్పైందన్నాడు, లిస్టు తీసేశారు. నొక్కినవాళ్ళ సంగతి వదిలేసి, అనుమానం రాగానే ఎంతసేపట్లో చెప్పారో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అక్టోబరు మెయిల్‌కి ఇద్దరే నొక్కారు, ఇద్దరూ పది నిమిషాల్లోపే చెప్పారు. అందులో ఒకరు ఆ బిల్లింగ్ అమ్మాయి.

తెలుగులో రాసిన కాగితం అడిగితే గానీ ఇవ్వలేదు. వాట్సాప్‌లో చలాన్ పేరుతో వచ్చి ఫోన్లో దొంగ యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మా డ్రైవర్లకి, ప్యాకింగ్ ఆడవాళ్ళకి వచ్చేవి అవే. మెయిల్ వరకే మా ఒప్పందమంటే సరేగానీ, చెప్పి ఉంటే బాగుండేది.

క్లాసు అయ్యాక పెద్దాయన నాతో విడిగా మాట్లాడి ఒక మాట అన్నాడు. "అమ్మా, మీ గుమస్తాకి ఆరోజు అనుమానం రాకుండా ఉండి ఉండదు. వచ్చినా మిమ్మల్ని ఆపి అడిగే ధైర్యం ఉందా?" నేను వెళ్ళి గుమస్తాని అడిగాను. "కొంచెం అనిపించిందమ్మా. మీరు జల్ది ఎయ్యమన్నరు, పండుగ ముందు మిమ్మల్ని పరేషాన్ చేసుడెందుకని..." అన్నాడు. ఆరు నెలలు నేను ఎవరిదో చెప్పలేకపోయిన తప్పు అప్పుడు దొరికింది.

ఇప్పుడు లెక్కల టేబుల్ మీద గోడకి నా సంతకంతో ఒక కాగితం ఉంది. అకౌంట్ మారినా, కొత్త అకౌంట్ వచ్చినా, పాత డైరీలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు వేయాలి. మెయిల్లో ఉన్న నంబరుకి చేయకూడదు. నేను చెప్పినా, మా ఆయన చెప్పినా ఇదే. ఆలస్యమైందని ఎవరినీ ఒక్క మాట అనను.

పోయిన నెల దానికీ పరీక్ష వచ్చింది, నిజం పరీక్ష. కొత్త లారీ అతనికి అడ్వాన్స్ పదిహేను వేలు వేయమని బిల్లింగ్ అమ్మాయికి మెసేజ్ పెట్టి, భద్రకాళి గుళ్ళోకి పోయాను. లోపల ఫోన్ ఆపేశా. బయటికొచ్చి చూస్తే ఆమెవి పదకొండు మిస్డ్ కాల్స్. డబ్బు వేయలేదు. ఎనుమాముల గేటు దగ్గర లారీ నలభై నిమిషాలు ఆగిపోయింది, డ్రైవర్ అరిచి గోల చేస్తే మా ఆయన ఐదువందలు చేతిలో పెట్టి శాంతపరిచారు. నోటిదాకా వచ్చిన మాట, గోడ మీది కాగితం గుర్తొచ్చి మింగేశాను.

సాయంత్రం ఆ అమ్మాయి పుస్తకం పట్టుకొచ్చి, "మేడం, గీ ఐదువందలు ఏ ఖాతాల రాయాలె?" అని అడిగింది. ట్రైనింగ్ ఖర్చు కింద రాయమన్నాను.