ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ వీడియో పదే పదే కూలిపోతుంటే: స్నాప్, డెబ్, ఫ్లాట్‌ప్యాక్‌లలో ఏది మేలు?

లైనక్స్‌లో ఒకే ప్రోగ్రామ్ వేర్వేరు ప్యాకేజీలుగా దొరుకుతుంది: సిస్టమ్ లైబ్రరీలనే వాడుకునేది డెబ్, కావాల్సినవి విడిగా తెచ్చుకుని వేరుగా నడిచేవి స్నాప్, ఫ్లాట్‌ప్యాక్. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగానే వస్తోంది. డెబ్‌లను తెచ్చిపెట్టే ఏపీటీ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసినా ఉబుంటు సర్వర్ల నుంచి దొరికేది పేరుకు మాత్రమే డెబ్. అది తనలో బ్రౌజర్ ఏమీ లేకుండా వెళ్లి స్నాప్‌నే తెచ్చిపెడుతుంది. వీడియో మధ్యలో బొమ్మ బిగుసుకుపోయి శబ్దం మాత్రం నడుస్తుంటే, తెరంతా పచ్చగా మారుతుంటే, ట్యాబ్ ఉన్నట్టుండి కూలిపోతుంటే చాలామంది ముందు స్నాప్‌ను పీకేస్తారు. ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న ఉబుంటు మెషీన్‌కు మొజిల్లా సొంత డెబ్ మేలని మేమూ చెబుతాం. అయితే కూలుతున్నది ఏ భాగమో తేల్చుకున్నాకే ఆ పని చేయాలి. లేకపోతే ప్యాకేజీ మారుతుంది, తంటా అలాగే ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది

ఫ్లాష్ కాలంలో ఒక్క ప్లగిన్ మీద నెపం వేసేస్తే సరిపోయేది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ముగిసింది, 2021 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు యాడ్-ఆన్స్ పేజీలో ప్లగిన్స్ కింద సాధారణంగా రెండే కనిపిస్తాయి. సిస్కో వాళ్ల ఓపెన్‌హెచ్264 ప్రధానంగా వీడియో కాల్స్ కోసం. గూగుల్ వాళ్ల వైడ్‌వైన్ నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటి డీఆర్ఎం (కాపీ కాకుండా వేసే తాళం) ఉన్న సైట్ల కోసం. యూట్యూబ్‌లో మామూలు వీడియోకు వైడ్‌వైన్ అక్కర్లేదు. వీపీ9, ఏవీ1 వీడియో ఫార్మాట్లకు ఫైర్‌ఫాక్స్ తన డీకోడర్లు (కుదించిన వీడియోను విప్పే భాగాలు) తనే తెచ్చుకుంటుంది. హెచ్.264కు మాత్రం బయటి ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ కావాలి.

అందుకే ఎక్కడ కూలుతోందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ లాంటి చోట్లే కూలి యూట్యూబ్ బాగా నడుస్తుంటే తప్పు వైడ్‌వైన్‌ది. ఇలాంటప్పుడు ప్యాకేజీ మార్చి లాభం లేదు, ఎందుకంటే స్నాప్ అయినా డెబ్ అయినా ఫ్లాట్‌ప్యాక్ అయినా వైడ్‌వైన్ ఫైలు విడిగా డౌన్‌లోడ్ అయి మీ ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే (బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు ఉండే చోట) కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో జనరల్ కింద డీఆర్ఎం కంటెంట్ ఆడించే టిక్ తీసేయండి, ఫైర్‌ఫాక్స్ మూసి తెరవండి, మళ్లీ టిక్ పెట్టండి. కొత్త కాపీ దిగుతుంది. దిగకపోతే ప్రొఫైల్‌లో జీఎంపీ-వైడ్‌వైన్‌సీడీఎం అనే ఫోల్డర్‌ను బ్రౌజర్ మూసి ఉన్నప్పుడు చెరిపి మళ్లీ ప్రయత్నించండి. ఆఫీసు ప్రాక్సీ వెనక ఉన్న మెషీన్లలో ఈ డౌన్‌లోడే ఆగిపోతుంది. హోమ్ పార్టిషన్‌ను నోఎగ్జెక్ (అక్కడి ఫైళ్లను నడపనివ్వని) ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉంటే ఫైలు దిగినా లోడ్ కాదు.

యూట్యూబ్‌లోనూ కూలుతుంటే తప్పు డీకోడింగ్‌లో గానీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో గానీ ఏదైనా ఎక్స్‌టెన్షన్‌లో గానీ ఉంటుంది. దీనికి ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరవమని సలహా ఇస్తుంటారు. ఆ మోడ్ ఎక్స్‌టెన్షన్లనూ హార్డ్‌వేర్ యాక్సెలరేషన్‌నూ రెండింటినీ ఒకేసారి ఆపేస్తుంది. అక్కడ వీడియో బాగా నడిస్తే ఏది దోషో తెలియదు. ఇంతకన్నా సూటి పరీక్ష ఒకటుంది. అబౌట్:కాన్ఫిగ్ తెరిచి, మీడియా.హార్డ్‌వేర్-వీడియో-డీకోడింగ్.ఎనేబుల్డ్ అనే విలువను ఫాల్స్ చేసి, బ్రౌజర్ మూసి తెరిచి, కూలిన వీడియోనే మళ్లీ ఆడించండి. పేజీని గీసే పని గ్రాఫిక్స్ కార్డు మీదే ఉంటుంది, వీడియో విప్పే పని మాత్రం ప్రాసెసర్‌కు వస్తుంది. కూలడం ఆగిందా, దోషం వీఏ-ఏపీఐ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డుతో వీడియో విప్పించేది) దగ్గర ఉన్నట్టు. ఆగలేదా, ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటీ ఆపి చూడాలి. కెర్నల్ లాగ్‌లో జీపీయూ హ్యాంగ్ అన్న వరుసలు ఉంటే బ్రౌజర్ వైపు చూడటమే అనవసరం, కెర్నల్, మెసా (లైనక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల కట్ట) అప్‌డేట్లు చూసుకోవాలి. నాలుగు జీబీ ర్యామ్ మెషీన్‌లో ఆ లాగ్‌లోనే ఔట్ ఆఫ్ మెమరీ అన్న వరుస కనిపిస్తే వీడియోకు ఏ పాపమూ లేదు, మెమరీ చాలకే కెర్నల్ ట్యాబ్‌ను చంపేసింది.

స్నాప్

ఏ పనీ చేయక్కర్లేకపోవడం దీని బలం. హెచ్.264కు కావాల్సిన లైబ్రరీ లోపలే ఉంటుంది, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లకో, టెర్మినల్ ముట్టుకోని వాళ్లకో పెట్టిచ్చే మెషీన్‌లో, వీడియో బాగానే నడుస్తున్నంత కాలం, దీన్ని కదపొద్దు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, స్నాప్ లోపలి ఫైర్‌ఫాక్స్‌కు మీ సిస్టమ్‌లోని డ్రైవర్ ఫైళ్లు కనిపించవు. మెసా, వీఏ-ఏపీఐ డ్రైవర్లు దానికి వేరే స్నాప్‌ల నుంచి వస్తాయి. మీరు ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, వీఏఇన్ఫో కమాండ్‌తో అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నా, అబౌట్:సపోర్ట్ పేజీలో మీడియా కింద ఉండే కోడెక్ (వీడియో ఫార్మాట్ల) పట్టికలో హార్డ్‌వేర్ గడి మారకపోవచ్చు. మీరు బాగుచేసింది సిస్టమ్ డ్రైవర్, అది వాడుతున్నది ఇంకొకటి. కొత్త ల్యాప్‌టాప్, పాత మెసా కలిసినప్పుడు పచ్చ తెర, చెదిరిన గళ్లు వచ్చేది ఇలాంటి చోటే.

రెండో చిక్కు అప్‌డేట్. స్నాప్‌లను నడిపే స్నాప్‌డీ రోజుకు నాలుగుసార్లు కొత్తది వచ్చిందేమో చూస్తుంది. బ్రౌజర్ నడుస్తుంటే గరిష్ఠంగా 14 రోజులు ఆగి, ఆ తర్వాత ఆగదు. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ కూలుతుంటే స్నాప్ రివర్ట్ ఫైర్‌ఫాక్స్ అని కొట్టి పాత రివిజన్‌కు వెళ్లి చూడండి. తేడా కనిపిస్తే స్నాప్ రిఫ్రెష్‌కు హోల్డ్ ఆప్షన్ ఇచ్చి 72 గంటలో, వారమో ఆపి ఉంచొచ్చు. ఎప్పటికీ ఆపడం మాత్రం తప్పు. భద్రతా సవరణలు రాని బ్రౌజర్‌తో బ్యాంకు పేజీ తెరవడం కూలే వీడియో కన్నా పెద్ద సమస్య.

మొజిల్లా డెబ్

2024 జనవరిలో, ఫైర్‌ఫాక్స్ 122 నాటి నుంచి, మొజిల్లా తన సొంత ఏపీటీ రెపో (ప్యాకేజీలు దొరికే సర్వర్) ద్వారా స్టేబుల్ డెబ్ ఇస్తోంది. దీని మేలు ఒకటే, కానీ పెద్దది: బ్రౌజర్ వాడే మెసా, వీఏ-ఏపీఐ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్నీ మీ సిస్టమ్‌వే. వీఏఇన్ఫో ఏం చూపితే ఫైర్‌ఫాక్స్‌కూ దాదాపు అదే దొరుకుతుంది. డ్రైవర్ సరిచేస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది. లోపం వెతికేవాళ్లకు ఇంతకన్నా కావాల్సింది లేదు.

మారేటప్పుడు వరుస తప్పితే ఇబ్బంది. ముందు ఫైర్‌ఫాక్స్ మూసేసి ప్రొఫైల్ కాపీ తీసుకోండి. స్నాప్ ప్రొఫైల్ హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్‌లో, ఫైర్‌ఫాక్స్ కింద, కామన్ అనే దానిలో దాగిన మొజిల్లా ఫోల్డర్‌లో ఉంటుంది. స్నాప్ తీసేసేటప్పుడు సిస్టమ్ దానంతటదే ఒక స్నాప్‌షాట్ తీసి 31 రోజులు ఉంచుతుంది గానీ, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు దాని మీదే వదిలేయడం మంచిది కాదు. తర్వాత మొజిల్లా సైట్‌లో చెప్పినట్టు సైనింగ్ కీ (ప్యాకేజీలు మొజిల్లావేనని రుజువు చేసేది), రెపో వరుస చేర్చండి.

ఆ తర్వాతి అడుగునే ఎక్కువమంది వదిలేస్తారు. ఏపీటీ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, మొజిల్లా రెపో నుంచి వచ్చే ప్యాకేజీలకు పిన్ ప్రయారిటీ 1000 ఇవ్వాలి. ఉబుంటు వాళ్ల ఖాళీ డెబ్ వెర్షన్ ముందు 1 అనే ఈపోక్ అంకె (మిగతా వెర్షన్ అంకెలన్నిటికన్నా ముందు పోల్చేది) ఉంటుంది, మొజిల్లా దానికి ఉండదు. దాంతో ఏపీటీ లెక్కలో ఉబుంటుదే ఎప్పుడూ కొత్తది, మొజిల్లాది పాతది. పాతదానికి దిగడానికి ఏపీటీ ఒప్పుకోవాలంటే ప్రయారిటీ 1000 గానీ అంతకు మించి గానీ ఉండాలి. ఆ ఫైలు లేకపోతే తర్వాతెప్పుడో అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు స్నాప్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పిన్ పెట్టాక ఏపీటీ అప్‌డేట్, స్నాప్ తొలగింపు, డెబ్ ఇన్‌స్టాల్ చేయండి. కాపీ చేసిన ప్రొఫైల్‌ను అబౌట్:ప్రొఫైల్స్‌లో డిఫాల్ట్‌గా ఎంచుకోండి. కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనంటుంది కాబట్టి డెబ్ వెర్షన్ స్నాప్ కన్నా వెనకబడి లేదని ముందే చూసుకోండి. మెనూలు తెలుగులో కావాలంటే ఫైర్‌ఫాక్స్-ఎల్10ఎన్-టీఈ ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి.

స్నాప్‌లో లేని బాధ్యతలు ఇక్కడ రెండు నెత్తిన పడతాయి. హెచ్.264 వీడియో మొరాయిస్తే లిబ్ఏవీకోడెక్ లైబ్రరీ ఉందో లేదో చూడాలి: 22.04లో అది 58, 24.04లో 60. ఇక అప్‌డేట్లను దానంతటదే పెట్టే అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ మామూలు అమరికలో మొజిల్లా రెపోను పట్టించుకోదు, అప్‌డేట్ మీరే కొట్టాలి. బ్రౌజర్ తెరిచి ఉండగా కొడితే కొత్త ట్యాబ్‌లు రీస్టార్ట్ చేయమని మొండికేస్తాయి. అది క్రాష్ కాదు.

ఫ్లాట్‌ప్యాక్

ఉబుంటులో దీనికోసం ప్రత్యేకంగా వెళ్లాల్సిన పని లేదని మా అభిప్రాయం. స్నాప్‌కు ఉన్న వేరే డ్రైవర్ల చిక్కే దీనికీ ఉంది. ఫెడోరా అనే ఇంకో లైనక్స్‌లో మాత్రం కథ వేరు. ఫెడోరా 37 నుంచి పేటెంట్ల కారణంగా మెసాలో హెచ్.264, హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగ్ తీసేశారు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రెపో నుంచి మెసా-వీఏ-డ్రైవర్స్-ఫ్రీవరల్డ్ పెట్టుకోవడమో, ఫ్లాట్‌ప్యాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్‌లో మొజిల్లా పెట్టిన ఫైర్‌ఫాక్స్ వాడటమో చేయాలి. రెండోదే తేలిక.

ఎన్విడియా ఉన్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. సిస్టమ్ డ్రైవర్ వెర్షన్, ఫ్లాట్‌ప్యాక్‌లోని ఎన్విడియా ఎక్స్‌టెన్షన్ వెర్షన్ అంకెకు అంకె సరిపోవాలి. డ్రైవర్ అప్‌గ్రేడ్ చేసి ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ మరిచిపోతే గ్రాఫిక్స్ పని అంతా ప్రాసెసర్ మీద పడుతుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది, వీడియో ముక్కలు ముక్కలుగా ఆడుతుంది.

హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉంచాలా, తీసేయాలా?

ప్యాకేజీ కన్నా ఈ ప్రశ్నే చాలా మెషీన్లలో అసలుది. లైనక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఫైర్‌ఫాక్స్ 115 నుంచి, ఏఎండీకి 136 నుంచి హార్డ్‌వేర్ వీడియో డీకోడింగ్ డిఫాల్ట్‌గా ఉంది. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో, కూలకుండా ఉంటే, ఇదే మేలు.

కూలుతుంటే ముందు చూడాల్సింది పాత ట్యుటోరియల్స్ మిగిల్చిన చెత్త. ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో లిబ్‌వీఏ డ్రైవర్ నేమ్ వేరియబుల్‌కు ఐ965 అని ఎప్పుడో రాసి వదిలేసి ఉంటారు. అది నాలుగో తరం హాస్‌వెల్, అంతకన్నా పాత ఇంటెల్ చిప్‌లకు తగిన డ్రైవర్. దాని తర్వాతి బ్రాడ్‌వెల్ నుంచి ఐహెచ్‌డీ డ్రైవర్ వాడాలి. ఆ వరుస చెరిపేసి లాగౌట్ అయి రండి.

హాస్‌వెల్ లాంటి పాత ల్యాప్‌టాప్‌ల ఇబ్బంది ఇంకోటి. వాటి చిప్ హెచ్.264ను విప్పగలదు, వీపీ9, ఏవీ1లను విప్పలేదు. యూట్యూబ్ పంపేదేమో ఎక్కువగా ఆ రెండే. ఇంటెల్‌లో వీపీ9కు పూర్తి హార్డ్‌వేర్ ఏడో తరం కేబీ లేక్‌తో, ఏవీ1కు పదకొండో తరం టైగర్ లేక్‌తో వచ్చింది. పాత మెషీన్‌లో యూట్యూబ్‌ను హెచ్.264కే కట్టిపడేసే హెచ్264ఫై తరహా ఎక్స్‌టెన్షన్ పెడితే ఏ ప్యాకేజీ మార్పూ ఇవ్వనంత ఊరట ఇస్తుంది. బదులుగా 1080పీ కన్నా పైన దొరకదు, ఆ తెరలకు అంతకన్నా అక్కర్లేదు కూడా. మధ్య తరం చిప్‌లకు అబౌట్:కాన్ఫిగ్‌లో మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేస్తే యూట్యూబ్ వీపీ9కు దిగుతుంది.

ఎన్విడియా సొంత డ్రైవర్ మీద మాత్రం మా మాట నిక్కచ్చి: హార్డ్‌వేర్ డీకోడింగ్ జోలికి పోవద్దు. ఎన్విడియా-వీఏఏపీఐ-డ్రైవర్ అనే వారధి ఉంది, పనిచేస్తుంది కూడా. దాన్ని నడపాలంటే వీడియో విప్పే ఆర్‌డీడీ ప్రాసెస్‌కు ఉన్న శాండ్‌బాక్స్‌ను ఆపేయమని దాని సూచనల్లోనే ఉంటుంది. చెడ్డ వీడియో ఫైలు ద్వారా వచ్చే దాడిని అడ్డుకోవడానికే ఆ శాండ్‌బాక్స్ పెట్టారు. ఆరు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్ 1080పీ వీడియోను తనంత తానే విప్పేస్తుంది. ఆ కాస్త ఆదాకు తలుపు గడియ తీయడం సరైన బేరం కాదు.

ఏది ఎంచుకున్నా ఫలితాన్ని కంటితో కాకుండా అంకెతో చూడండి. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే ఏ కోడెక్ వస్తోందో, ఎన్ని ఫ్రేములు జారిపోయాయో కనిపిస్తుంది. ఇంటెల్ అయితే పక్కనే టెర్మినల్‌లో ఇంటెల్ జీపీయూ టాప్ నడపండి. వీడియో అన్న వరుస సున్నా దగ్గరే ఉంటే హార్డ్‌వేర్ పనిచేయడం లేదు. మొదట్లో కొన్ని ఫ్రేములు జారడం సహజమే. వీడియో సాగేకొద్దీ ఆ అంకె ఆగకుండా పెరుగుతుంటే క్వాలిటీ ఒక మెట్టు దించి చూడండి, అప్పటికీ పెరుగుతుంటే కోడెక్ మార్చండి.