మోడలింగ్ గిటార్‌కి ఆంప్ మేలా, మైక్‌సెట్టు మేలా?

తిరుపతి కల్యాణ మండపాల్లో వాయించే మా కుర్రాళ్లు వేరియాక్స్ (రకరకాల గిటార్ల ధ్వనిని అనుకరించే మోడలింగ్ గిటార్) చేతికి రాగానే అడిగేది ఇదే.

ధ్వని: బ్రిడ్జిలోని (తీగలు ఆనే భాగం) పియెజోలు, అంటే కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు, ఒక్కో తీగనీ విడిగా పట్టుకుంటాయి, మిగతాదంతా లోపలి ప్రాసెసర్ పని. గిటార్ ఆంప్ స్పీకరులో సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన సన్నని ధ్వని బాగా తగ్గిపోతుంది. అందుకే అందులో స్ట్రాట్, లెస్ పాల్ లాంటి ఎలక్ట్రిక్ గిటార్ మోడళ్లు నిండుగా పలుకుతాయి, అకూస్టిక్ మోడళ్లు మూగబోతాయి. మైక్‌సెట్టులో అకూస్టిక్ మెరుస్తుంది. డిస్టార్షన్ మాత్రం, క్యాబినెట్ సిమ్యులేషన్ (ఆంప్ స్పీకరు ధ్వనిని అనుకరించే ఎఫెక్ట్) లేకుంటే, చెవులు కోస్తుంది.

ఖర్చు: ఆంప్ కొనాలి. మైక్‌సెట్టు ఎలాగూ పెట్టిస్తారు.
శ్రమ: ఆంప్ మోయాలి. మైక్‌సెట్టుకి కేబులు, డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) చాలు.
రిస్కు: మన టోన్ మైక్‌సెట్టు అన్న చేతిలో ఉంటుంది. ముందే వెళ్లి ఆయనతో కూర్చోండి.

దేనికైనా ముందు కొత్త తీగలు వేయండి, ఇది నా గట్టి మాట.

రాక్ బ్యాండుకి ఆంప్. పెళ్లి కచేరీకి, భజనకి మైక్‌సెట్టు.