రైజ్, అసెండెన్సీ, డామినెన్స్, హెజెమొనీ: ఇంగ్లిష్ వ్యాసంలో ఏది మేలు?

తెలుగు పేపర్లో అమెరికా ఆధిపత్యం, మార్కెట్లో గూగుల్ ఆధిపత్యం, క్రికెట్‌లో ఆస్ట్రేలియా ఆధిపత్యం అని ఒకే మాటతో పని జరిగిపోతుంది. అదే విషయం గ్రూప్-1కో సివిల్స్‌కో ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క మాటకు నాలుగైదు మాటలు ముందుకొస్తాయి, బరువుగా వినిపిస్తుంది కదా అని ఎక్కువమంది హెజెమొనీని ఎత్తుకుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఎదుగుతున్న దశకు రైజ్, ఎదిగి స్థిరపడిన దశకు డామినెన్స్, చాలా వ్యాసాలకు ఈ రెండూ సరిపోతాయి. మిగతావి వాటి చోట వాటికి తిరుగులేదు, చోటు తప్పితే మాత్రం మీరు చెప్పాలనుకున్నదే మారిపోతుంది.

అసలు ఎక్కువ దెబ్బతీసేది అసెండెన్సీ. లాటిన్‌లో దాని మూలానికి అర్థం పైకి ఎక్కడమే, జ్యోతిషంలో అసెండెంట్ అంటే మన లగ్నం, అంటే తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి, కాబట్టి ఇది ఎదుగుదలకు సరిపోయే మాటే అనిపించడం సహజం. కానీ వాడుకలో అసెండెన్సీ అంటే ఎక్కడం కాదు, ఎక్కేశాక చేతిలో ఉన్న పైచేయి. 18వ శతాబ్దపు ఐర్లండ్ చూడండి. జనాభాలో ఎక్కువమంది కాథలిక్కులు, భూమీ పార్లమెంటూ పదవులూ మాత్రం కొద్దిమంది ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ తరహా ప్రొటెస్టెంట్, భూస్వాముల చేతిలో. ఆ ఏర్పాటును ప్రొటెస్టెంట్ అసెండెన్సీ అంటారు. వాళ్లు అప్పుడు కొత్తగా పైకొస్తున్నవాళ్లు కారు, పైన కూర్చుని ఉన్నవాళ్లు. కాబట్టి భారతదేశం ఎదుగుతోందని చెప్పాలనుకుని ఇండియాస్ అసెండెన్సీ అని రాస్తే, దిద్దేవాళ్లకు భారత్ ఇప్పటికే అందరి మీదా పైచేయి సాధించేసిందని అర్థమవుతుంది, ఇక దానికి రుజువులు ఏవీ అని చూస్తారు. ఇండియాస్ రైజ్ అనండి. ఆ లాటిన్ మాటే కావాలనుకుంటే ఇన్ ది అసెండెంట్ అనండి, అది పైకొస్తున్నవాళ్లకు సరిపోతుంది.

రైజ్ చిన్న మాటే గానీ చప్పటి మాట అనుకోకండి. 2003లో చైనా మేధావి జెంగ్ బిజియన్ పీస్‌ఫుల్ రైజ్ అనే మాటను ముందుకు తెచ్చారు, ఆ దేశ నాయకులు కూడా కొన్నాళ్లు అదే అన్నారు, 2004 కల్లా దాన్ని పక్కన పెట్టి పీస్‌ఫుల్ డెవలప్‌మెంట్‌కు మారిపోయారు. ముందు శాంతియుతం అని తగిలించినా సరే, రైజ్ అనగానే ఇరుగుపొరుగు దేశాలకు టెన్షన్ అన్న ఆలోచన దాని వెనక ఉంది.

ఇక డామినెన్స్, హెజెమొనీ. ఇక్కడే కాస్త నిదానంగా ఆలోచించాలి. హెగెమోన్ అంటే గ్రీకులో నాయకుడు. క్రీ.పూ. 337లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ గ్రీకు నగర రాజ్యాలను కోరింత్ కూటమిగా కట్టినప్పుడు ఆయన హోదా అదే. నగరాలు పేరుకు స్వతంత్రాలే, యుద్ధానికి నడిపించేది మాత్రం ఆయన. 20వ శతాబ్దంలో ముస్సోలినీ జైల్లో కూర్చుని నోటుపుస్తకాలు నింపిన ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రామ్షీ ఈ మాటకు ఇంకా లోతు తెచ్చాడు. పాలకవర్గం లాఠీతోనే నెగ్గదు, బడి, చర్చి, పత్రికల ద్వారా తన ఆలోచనే అందరికీ మామూలు తెలివి అనిపించేలా చేసి నెగ్గుతుంది అన్నాడు. అంటే కింద ఉన్నవాళ్ల ఒప్పుకోలు కూడా ఉన్నచోటే హెజెమొనీ నిలుస్తుంది. డాలర్ హెజెమొనీ అన్నది చక్కగా కుదిరిన వాడుక, ఎందుకంటే దేశాలు తమ నిల్వల్లో డాలర్లు దాచుకోవడానికి ఎవరూ తుపాకి పెట్టి అడగట్లేదు. సైన్యం దిగి ఆక్రమించిన చోటుకు మాత్రం ఈ మాట వాడొద్దు, అక్కడ జరిగిన హింస కనపడకుండా పోతుంది.

ఇంకో సంగతి, దౌత్యంలో హెజెమొనీ అంటే నింద. 1972 షాంఘై ప్రకటనలో అమెరికా, చైనా రెండూ ఆసియా-పసిఫిక్‌లో తాము హెజెమొనీ కోరబోమని, ఇంకెవరు కోరినా వ్యతిరేకిస్తామని రాసుకున్నాయి, ఆ ఇంకెవరు అన్నది సోవియట్ యూనియన్ గురించేనని అందరికీ తెలుసు. కాబట్టి ఏ దేశం పక్కన ఈ మాట పెట్టినా మీరు ఓ పక్షం తీసుకున్నట్టే, తీసుకోవాలనుకుంటే తీసుకోండి, తెలిసి తీసుకోండి.

డామినెన్స్‌కు ఆ గొడవ లేదు. మన పోటీ చట్టం, అంటే కాంపిటీషన్ యాక్ట్ 2002, నాలుగో సెక్షన్ తప్పుపట్టేది డామినెంట్ స్థానాన్ని కాదు, దాన్ని దుర్వినియోగం చేయడాన్ని. 2022 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కు కాంపిటీషన్ కమిషన్ రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది ఆ దుర్వినియోగానికే. వ్యాపారం, ఆటలు, ఎన్నికలు, దేనికైనా పనికొచ్చే మాట ఇది.

సుప్రిమసీ జోలికి వీలైనంత వరకు పోకండి. వైట్ సుప్రిమసీ, అంటే తెల్లజాతే గొప్పదనే వాదం, దాని నీడ దాని మీద ఎంతగా పడిందంటే, క్వాంటం కంప్యూటర్ల రంగంలో కూడా క్వాంటం సుప్రిమసీ వద్దు, అడ్వాంటేజ్ అందాం అనేవాళ్లు ఉన్నారు.

ఒక మాట మాత్రం తెలుగువాళ్లు తప్పకుండా నేర్చుకోవాలి: పారమౌంట్సీ. బ్రిటిష్‌వాళ్లకూ నిజాంకూ ఉన్న సంబంధాన్ని బ్రిటిష్ హెజెమొనీ అనో డామినెన్స్ అనో రాసేస్తుంటారు, చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే హైదరాబాద్ కథ మలుపు తిరిగిందే ఈ మాట మీద. బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న బేరార్ ప్రాంతాన్ని తిరిగివ్వమని అడుగుతూ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సమాన హోదాలో మాట్లాడబోతే, 1926 మార్చిలో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఉత్తరం రాశాడు: భారతదేశంలో బ్రిటిష్ రాజరికానిదే అత్యున్నత అధికారం, అది ఒప్పందాల మీదే ఆధారపడింది కాదు, ఏ సంస్థానాధీశుడూ సమానస్థాయిలో బేరమాడలేడు అని. ఆ అధికారం పేరే పారమౌంట్సీ. 1947 భారత స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షన్ దాన్ని కొత్త దేశాలకు అప్పగించలేదు, రద్దు చేసింది. పైవాడు పోయాడు కాబట్టి నేను స్వతంత్రుణ్ణి అని నిజాం వాదించింది ఆ ఖాళీని పట్టుకునే, 1948 ఆగస్టులో భద్రతామండలి దాకా వెళ్లిందీ దాంతోనే, సెప్టెంబర్‌లో సైనిక చర్య జరిగేదాకా. హైదరాబాద్ విలీనం మీద ప్రశ్న వస్తే డామినెన్స్ అని రాయకండి, పారమౌంట్సీ ల్యాప్స్ అయింది అని రాసి అక్కడి నుంచి జవాబు మొదలుపెట్టండి.