మూడు బూమ్ స్టాండ్‌లు వాడాక చెప్తున్నా: పొడవు కంటే ముందు మెడ చూడండి

ఫొటో స్టూడియోలో లైట్‌ని మనిషి తల మీదికి తేవడానికి స్టాండ్ మీద అడ్డంగా పెట్టే పొడవాటి ఆర్మ్‌ని బూమ్ అంటారు. నేను ఇప్పటికి మూడు రకాల బూమ్ సెటప్‌లు వాడాను. ఒకటి స్టాండ్, ఆర్మ్, ఖాళీ ఇసుక సంచి అన్నీ కలిపి సెట్‌గా అమ్మే తేలికపాటిది, రెండోది సి-స్టాండ్ అనే మూడు కాళ్ళ స్టాండ్, దాని గ్రిప్ ఆర్మ్‌తో సహా, మూడోది చక్రాల స్టాండ్ మీద ఎక్కించే పెద్ద బూమ్. మూడిట్లో ఒకటి తీసి పక్కన పెట్టేశా, మిగతా రెండూ దాదాపు రోజూ వాడుతున్నా. కొత్తగా స్టూడియో పెట్టుకునేవాళ్ళు లైట్ మీద, సాఫ్ట్‌బాక్స్ (వెలుతురుని మెత్తగా చేసే గుడ్డ పెట్టె) మీద బాగానే ఖర్చు పెట్టి, చివర్లో స్టాండే కదా అని ఏదో ఒకటి తీసుకుంటారు, నేనూ అదే చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మొదటిదాని సంగతి. బాక్స్ మీద ఆర్మ్ 2 మీటర్లు అని, 5 కేజీలు మోస్తుందని ఉంది. నా లైట్ హెడ్ 2.3 కేజీలు, ఆక్టా (ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్) దాన్ని లైట్‌కి తగిలించే రింగ్‌తో కలిపి 1.7 కేజీలు, మొత్తం 4, సరిపోతుందిలే అనుకున్నా. మొదటి వారం బానే ఉంది. తర్వాత ఒక పోర్ట్రెయిట్ షూట్, ఆవిడ స్టూల్ మీద కూర్చున్నారు, ఆక్టా మొహానికి మీటరు దూరంలో పైనుంచి. ఒక పది నిమిషాలు తీశాక ఫొటోలు కొంచెం బ్రైట్‌గా వస్తున్నాయనిపించింది, కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే స్థాయి) తగ్గించా, ఇంకాసేపటికి మళ్ళీ అదే. లైట్ పవర్ ఏమైనా మారిందా అని చూస్తే లేదు. అప్పుడు స్క్రీన్ మీద మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ పక్కపక్కన పెట్టి కళ్ళల్లోకి జూమ్ చేసి చూస్తే, కంట్లో కనబడే ఆక్టా మెరుపు మొదట్లో పైన చిన్నగా ఉంది, చివర్లో కనుపాప దాకా దిగి పెద్దదైపోయింది. తలెత్తి చూస్తే ఆర్మ్ వంగిపోయి, ఆక్టా అంచు ఆవిడ జుట్టుకి జానెడు దూరంలో ఉంది! గుండె ఆగినంత పనైంది. ముందు ఆవిడని పక్కకి లేపి, తర్వాతే లైట్ పట్టుకున్నా.

లెక్క చూస్తే ఆశ్చర్యం ఏమీ లేదు, మీటరు దూరంలో ఉన్న లైట్ 20 సెంటీమీటర్లు దగ్గరకొస్తే వెలుతురు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అంటే దాదాపు మూడింట రెండొంతుల స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటో బ్రైట్‌నెస్) కారణం లేకుండా నెమ్మదిగా పెరుగుతుంటే కెమెరా వైపు కాదు, ముందు పైకి చూడండి.

ఆ రోజు సాయంత్రం ఆ ఆర్మ్ విప్పి చూశాను. ఆర్మ్‌ని స్టాండ్‌కి పట్టి ఉంచే కీలు ఉంటుంది కదా, దాన్ని స్వివెల్ అంటారు, నేను మెడ అంటాను, బరువంతా అక్కడే ఆగాలి కాబట్టి. దాంట్లో నాబ్ ప్లాస్టిక్, ఆ ప్లాస్టిక్ లోపల ఆరు మూలల నట్ కూర్చోబెట్టారు. నేను ప్రతిసారీ గట్టిగా బిగించడంతో నట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి గుండ్రంగా అయిపోయింది, నాబ్ తిరుగుతోంది కానీ లోపల నట్ తిరగట్లేదు. అంటే నేను బిగించాననుకున్న ప్రతిసారీ అసలు బిగుసుకోనేలేదు. ఒకదాన్నొకటి పట్టుకోవాల్సిన రెండు ముఖాలు కూడా నున్నగా ఉన్నాయి, మధ్యలో రాపిడి కోసం ఒక్క వాషర్ కూడా లేదు. అన్నీ ఒకటే మోడల్‌లా ఉంటాయని నేననను గానీ, ఈ రకం సెట్లలో కొనేముందు నాబ్ లోపల ఏముందో మాత్రం తప్పకుండా చూడాలి.

ఇంకో తప్పు నాది, బాక్స్ మీద 5 కేజీలు అన్నది నిటారుగా పైన పెడితే మోసే బరువు. బూమ్‌కి ఆ లెక్క పనికిరాదు. తక్కెడలాగే, బరువుని దూరంతో గుణించాలి. మెడ నుంచి లైట్ 1.4 మీటర్ల దూరంలో ఉంటే 4 కేజీలు × 1.4, అంటే 5.6. మెడకి వెనక మిగిలే ఆర్మ్ ముక్క, అంటే తోక, అర మీటరే ఉంటే దాన్ని నిలబెట్టడానికి వెనక 11 కేజీలకి పైనే కట్టాలి. అప్పుడు స్టాండ్ మీద పడేది 4 కాదు, ముందు 4, వెనక 11, ఆపైన ఆర్మ్ సొంత బరువు, అంటే 15 దాటిపోయింది. అదే తోక 90 సెంటీమీటర్లు ఉంటే వెనక ఆరు కేజీల చిల్లర చాలు. అందుకే నేనిప్పుడు ఆర్మ్ మొత్తం పొడవు ఎంత అని అడగను, మెడకి వెనక ఎంత మిగులుతుంది అని అడుగుతా. ముందు పొడుగ్గా సాగి వెనక పొట్టిగా ఉండే ఆర్మ్ ఫొటోలో బాగుంటుంది, పనిలో మాత్రం స్టాండ్‌ని చంపేస్తుంది.

సి-స్టాండ్ గురించి. దీన్ని నేను మనస్ఫూర్తిగా రికమెండ్ చేస్తా, కాకపోతే దేనికి పనికొస్తుందో తెలుసుకుని. మామూలుగా వచ్చేది 40 అంగుళాల స్టాండ్, 40 అంగుళాల ఆర్మ్, మధ్యలో రెండిటినీ పట్టి ఉంచే రెండున్నర అంగుళాల గ్రిప్ హెడ్. మూడు కాళ్ళూ మూడు ఎత్తుల్లో ఉంటాయి కాబట్టి రెండు మూడు స్టాండ్‌లు ఒకదాంట్లోకి ఒకటి దూర్చి పెట్టుకోవచ్చు, ఇరుకు గదిలో ఆ సుఖం వాడితేనే తెలుస్తుంది. గ్రిప్ హెడ్ లోపలి ముఖాల్లో పళ్ళు ఉంటాయి, అవి ఆర్మ్‌ని కరిచి పట్టుకుంటాయి. చిన్న హెయిర్ లైట్ (జుట్టు మీద వేసేది), స్పీడ్‌లైట్ (కెమెరా మీద పెట్టే చిన్న ఫ్లాష్), రిఫ్లెక్టర్, నల్ల ఫ్లాగ్ (వెలుతురు ఆపే గుడ్డ), ఇలా కేజీ, కేజీన్నర లోపు ఏదైనా రాయిలా నిలబడుతుంది. కానీ దాని మీద 120 సెంటీమీటర్ల ఆక్టా వేలాడదీయాలని చూడకండి, ఆర్మ్ సన్నటి రాడ్, విరగకపోయినా ఊగుతుంది, ఏసీ గాలికి కూడా.

సి-స్టాండ్‌లో ఒక్క విషయం ఎవరూ చెప్పకుండానే అందరూ తెలుసుకుంటారులే అనుకుంటారు, తెలీదు. గ్రిప్ హెడ్ నాబ్ మీ వైపు తిప్పుకుని నిలబడండి, బరువు మీ కుడిచేతి వైపు ఉండాలి. అప్పుడు ఆర్మ్ కిందికి జారబోతే గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది, నాబ్ బిగుసుకునే దిక్కూ అదే, అంటే బరువే దాన్ని ఇంకా బిగిస్తుంది. ఎడమవైపు పెట్టారా, బరువే దాన్ని నిదానంగా విప్పేస్తుంది. అలాగే మూడు కాళ్ళల్లో ఎత్తైన కాలు బరువు ఉన్న వైపుకి తిప్పాలి, ఇసుక సంచి ఆ కాలి మీదే వేయాలి, ఎందుకంటే అక్కడైతే సంచి నేలకి తగలకుండా వేలాడుతుంది. నేలకి ఆనిన సంచి బరువు నేలే మోస్తుంది, స్టాండ్‌కి అందదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలా స్టూడియోల్లో సంచి కాలి పక్కన నేల మీద హాయిగా పడుకుని ఉంటుంది, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మూడోది, ఇప్పుడు నా మెయిన్ బూమ్. స్టీల్ స్టాండ్, కాళ్ళు వెడల్పు, బ్రేక్ ఉన్న చక్రాలు, ఆర్మ్ లావుపాటి ట్యూబ్, వెనక ఇనప బరువు. మెడలో అల్యూమినియం పోత, మధ్యలో ఫైబర్ వాషర్, బిగించడానికి ప్లాస్టిక్ నాబ్ కాదు, పొడవాటి లోహపు హ్యాండిల్. కొన్నరోజే పరీక్ష పెట్టా. నాలుగు లీటర్ల నీళ్ళ క్యాన్ ఆర్మ్ చివర కట్టి, వెనక బరువు కావాలని కొంచెం తక్కువ పెట్టి, క్యాన్ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేప్‌తో కొలిచి రాసుకుని, రాత్రంతా అలాగే వదిలేశా. పొద్దున్న కొలిస్తే అదే కొలత. పాతదాని నాబ్‌కి కొత్త నట్ వేసి ఇదే పరీక్ష చేస్తే గంటలో ఆరు సెంటీమీటర్లు దిగింది. లీటరు నీళ్ళు కేజీ కాబట్టి మీ లైట్ బరువు ఎంతో అన్ని లీటర్లు కట్టండి చాలు, లైట్ పెట్టి రిస్క్ తీసుకోవక్కర్లేదు, రిటర్న్ గడువు అయ్యేలోపే చేసేయండి.

దీంట్లో నాకు నచ్చిన ఇంకో సంగతి, ట్యూబ్ పూర్తిగా గుండ్రం కాదు, ఒక పక్క చదునుగా ఉంటుంది. గుండ్రటి ట్యూబ్ అయితే పెద్ద సాఫ్ట్‌బాక్స్ బరువుకి ఆర్మ్ తనచుట్టూ తనే మెలి తిరిగిపోతుంది, దిగిపోవడం ఒక తలనొప్పి అయితే ఇది రెండోది. నచ్చనిది కూడా చెప్పాలి, చాలా బరువు. ఒక్కళ్ళే అవుట్‌డోర్‌కి తీసుకెళ్ళే వస్తువు కాదు. ఆర్మ్‌ని ఏటవాలుగా పైకి లేపితే అందే దూరం తగ్గుతుందని కూడా మొదట్లో లెక్కేసుకోలేదు, 45 డిగ్రీల్లో పెడితే 1.4 మీటర్లు కాస్తా అటూ ఇటూగా ఒక మీటరే. స్టాండ్ కాళ్ళు ఫ్రేమ్‌లోకి రాకూడదంటే ఈ దూరం ముందే చూసుకోవాలి, సీలింగ్ తక్కువున్న గదిలో మరీనూ.

వేరే రకాలు కూడా కొన్ని ఉన్నాయి. మాన్‌ఫ్రోట్టో కంపెనీ 420బి లాంటి వాటిలో ఆర్మ్ స్టాండ్ లోపలికే దిగిపోతుంది, కావాలంటే మామూలు స్టాండ్, కావాలంటే బూమ్. తేలిక లైట్లతో ప్రయాణాలు చేసేవాళ్ళకి ఆ ఐడియా చాలా బాగుంది, పెద్ద ఆక్టాకి మాత్రం కాదు. ఇంకా పెద్ద లెవెల్లో అదే కంపెనీ మెగాబూమ్ లాంటివి వెనక నిలబడి హ్యాండిల్ తిప్పితే ముందు లైట్ వాలే, తిరిగే గేర్లతో వస్తాయి, రోజూ పెద్ద సెట్‌లు వేసే స్టూడియోకి తప్ప మిగతావాళ్ళకి అంత అవసరం లేదని నా అభిప్రాయం.

బరువు తగ్గించే ఉపాయం ఒకటుంది, అది చేశాక నాకు కొత్త బూమ్ కొన్నంత తేడా తెలిసింది. గోడాక్స్ ఏడీ600 ప్రో లాంటి లైట్లకి ఎక్స్‌టెన్షన్ హెడ్ విడిగా దొరుకుతుంది, ఫ్లాష్ ట్యూబ్ ఉన్న చిన్న తల మాత్రమే ఆర్మ్ చివర ఉంటుంది, బ్యాటరీతో సహా బాడీ కేబుల్ మీద కింద ఉంటుంది. ఆ బాడీని స్టాండ్ కిందివైపు క్లాంప్‌కి తగిలించుకుంటే ముందు బరువు సగానికి సగం తగ్గినట్టే అనిపిస్తుంది, పైగా కింద బరువు పెరిగి స్టాండ్ ఇంకా స్థిరంగా ఉంటుంది. మీ లైట్‌కి అలాంటి హెడ్ ఉంటే పెద్ద బూమ్ కొనేముందు దాని ధర, దీని ధర పోల్చి చూసుకోండి.

పిన్ సైజ్ తప్పకుండా చూడండి. మామూలు లైట్లు 16 మిల్లీమీటర్ల పిన్ (లైట్ ఎక్కించే కడ్డీ) మీద కూర్చుంటాయి, పెద్ద స్టాండ్‌లకి 28 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటుంది, రెండూ కలవవు, అడాప్టర్ కావాలి. నాకు బూమ్ వచ్చిన రోజు అడాప్టర్ లేక మూడు రోజులు మూలన పడుంది. ఎయిర్ కుషన్ అని రాసుంటే అది బలం గురించి కాదు, నాబ్ వదిలినప్పుడు స్టాండ్ దభీమని కిందికి పడకుండా మెల్లగా దిగడానికి. ఉంటే వేళ్ళకి మంచిది, అది ఉంది కదా అని బూమ్ బరువు మోస్తుందనుకోవద్దు.

ఇప్పుడు నేను సెట్ చేసే పద్ధతి ఇది. ముందు కాళ్ళు పూర్తిగా విప్పి, ఒక కాలు సరిగ్గా ఆర్మ్ వెళ్ళే దిక్కులోకి తిప్పి, ఇసుక సంచి వేసి, చక్రాలకి బ్రేక్ వేసి, ఆ తర్వాతే లైట్. మనిషి తల మీద ఉండే ప్రతి లైట్‌కి స్టీల్ సేఫ్టీ వైర్ ఒకటి ఆర్మ్ చుట్టూ చుట్టి తగిలిస్తా, మెడ ఎంత మంచిదైనా సరే. కరెంట్ కేబుల్ ఆర్మ్ వెంట కట్టి స్టాండ్ కింద కొంచెం వదులు వదిలి టేప్ వేస్తా, ఎవరి కాలికైనా తగిలినా లాగేది టేప్‌ని గానీ పైనున్న లైట్‌ని కాదు. అన్నిటికంటే జాగ్రత్త లైట్ దించేటప్పుడు. ముందు నుంచి లైట్ తీసేసిన క్షణంలో వెనక బరువుకి ఎదురు ఉండదు, తోక ఒక్కసారిగా కిందికి వస్తుంది, దాని కింద ఎవరి తలైనా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మా దగ్గర ఒకళ్ళు తోక పట్టుకుని "పట్టుకున్నా" అని పైకి చెప్పాకే రెండోవాళ్ళు లైట్ నాబ్ ముట్టుకుంటారు. ఒక్కణ్ణే ఉంటే స్టాండ్ పూర్తిగా కిందికి దించి, మొదట వెనకున్న బరువుని మెడ దగ్గరికి జరిపి, ఒక చేత్తో ఆర్మ్ పట్టుకుని అప్పుడు లైట్ తీస్తా, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనీ.