సింగపూర్‌లో మోకాళ్ళ నొప్పికి చైనా వైద్యం: చాలాకాలం వాడాక

నాకు మోకాళ్ళ అరుగుదల, కుడివైపు ఎక్కువ. సింగపూర్‌లో చైనా వైద్యం చెయ్యాలంటే ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు ఉండాలి, 2000లోనే చట్టం చేశారు. ఆ ధైర్యంతోనే వెళ్ళాను.

నాకు ముందు నచ్చింది వాళ్ళు అడిగే ప్రశ్నలు. నొప్పి చోటు మారుతుందా, ఏసీలో పెరుగుతుందా, వానకు కాళ్ళు బరువెక్కుతాయా అని అడుగుతారు. నాలుక చూస్తారు, రెండు చేతుల నాడీ పట్టుకుంటారు. వాళ్ళ లెక్కలో ఇది 'బీ' అనే జబ్బు. గాలి, చలి, తేమ ఒంట్లో చేరి 'చీ' (వాళ్ళు చెప్పే ప్రాణశక్తి), రక్తం పారే దారులకు అడ్డుపడతాయట. చోటు మారే నొప్పి గాలిది, ఒకేచోట గట్టిగా పట్టేది చలిది, బరువుగా వాచేది తేమది. ఎముకల బలం కిడ్నీలదని కూడా అంటారు. కంగారు పడకండి, కిడ్నీ పరీక్షలో తేడా వచ్చిందని కాదు!

నాది చలీ తేమా కలిసిందన్నారు. చిప్ప కింద రెండు పక్కల గుంటల్లో, ఇంకా కిందికి నాలుగు వేళ్ళ దూరంలో సన్నటి సూదులు పెడతారు. గుచ్చడం చీమ కుట్టినంతే, ఆ తర్వాత లోపల బరువుగా లాగుతుంది. సూదుల మీద మోక్సా కాలుస్తారు. అది వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి దగ్గరి మొక్క ఆకు. బట్టలకి పొగ వాసన వదలదు గానీ నాకు అన్నిటికన్నా హాయినిచ్చింది అదే. నడుముకి కప్పింగ్ (కప్పులు బోర్లించి చర్మాన్ని లోపలికి లాగడం) చేయించుకుంటే గుండ్రటి మచ్చలు పడి చాన్నాళ్ళకి గానీ పోలేదు. వాళ్ళిచ్చిన మందు ప్లాస్టర్లకి దద్దుర్లు వచ్చాయి.

వెళ్ళొచ్చిన కొన్ని రోజులు మెట్లు దిగడం తేలిక, తర్వాత నొప్పి మళ్ళీ మామూలే. జర్మనీలో వెయ్యిమందికి పైగా మోకాలి రోగుల మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. అసలు చోట్లు వదిలేసి వేరేచోట పైపైన గుచ్చినా దాదాపు అంతే ఉపశమనం కనిపించింది. రెండూ మామూలు చికిత్స కన్నా మెరుగే. అందుకే చీ దారుల సంగతి నేను నమ్మను, తగ్గిన నొప్పిని నమ్ముతాను.

కషాయం దగ్గర మాత్రం జాగ్రత్త. నాకిచ్చింది దుహువో జీషెంగ్ తాంగ్, చైనాలో తాంగ్ రాజుల కాలం నాటి మందుల కూర్పు. అందులో దాంగ్‌గుయ్ వేరు ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా తాగకూడదు. నాకు చేదు తప్ప తేడా తెలియలేదు.

కషాయం, ప్లాస్టర్లు మానేశాను. నొప్పి ముదిరినప్పుడు సూదులకి, మోక్సాకి వెళ్తున్నాను. ఫిజియో నేర్పిన తొడ కండరాల వ్యాయామం మాత్రం రోజూ చేస్తున్నాను.